గుల్ల దాచిన పేరు

ఒకప్పుడు సముద్రపు గుల్లలన్నీ లోపలా బయటా తెల్లగానే ఉండేవి. బురదలో నోళ్లు తెరుచుకుని హాయిగా పడి ఉండేవి.

అమెరికా తూర్పు తీరాన, ఆ సముద్రపు ఒడ్డున నారగాన్సెట్ అనే తెగ జనం మొక్కజొన్న పండించుకుంటూ, గుల్లలు ఏరుకుంటూ బతికేవారు. వాళ్లకొక కట్టుబాటు ఉండేది. ఇంట్లో ఎవరైనా పోతే ముఖానికి మసి పూసుకోవాలి. పోయినవాళ్ల పేరు మళ్లీ పలకకూడదు. పలికితే, నైరుతి దిక్కున దేవుడి ఇంటికి నడిచిపోతున్న ప్రాణం తనను పిలిచారనుకుని వెనక్కి తిరుగుతుందట. దారి తప్పిపోతుందట.

సోకానన్ అనే ఆమెకు ఒక్కతే కూతురు. ఏడేళ్లది. జ్వరమొచ్చి మూడు రోజుల్లో పోయింది.

సోకానన్ మసి పూసుకుంది. కానీ పొద్దున లేస్తే పిలిచిన పేరాయె, ఊరుకుంటుందా? మొక్కజొన్న దంచుతుంటే గొంతుదాకా వచ్చేది. నీళ్లు తెస్తుంటే నాలుక చివరికి వచ్చేది. ఏదో ఒకరోజు నోరు జారుతానని ఆమెకు భయం పట్టుకుంది.

"ఈ పేరు నీ దగ్గర దాస్తావా?" అని గాలిని అడిగింది.

"నా నోట్లో నువ్వుగింజ నానదు, తెలుసుగా!" అంది గాలి.

అలను అడిగింది. "నేను తీసుకున్నదేదైనా మళ్లీ ఒడ్డునే పడేస్తానమ్మా," అంది అల.

బురదలోంచి ఒక గుల్ల, "నాకివ్వమ్మా. నాకు రెండు తలుపులున్నాయి," అంది.

సోకానన్ మోకాళ్ల మీద కూర్చుని, గుల్ల అంచుకు పెదవులు ఆనించి, కూతురి పేరు చెప్పేసింది. గుల్ల టక్కున మూసుకుంది.

చాలా చలికాలాలు గడిచాయి. ఒకరోజు చూసుకుంటే పిల్ల ముఖం గుర్తుంది, ఊడిన ముందుపన్ను గుర్తుంది, పేరు మాత్రం లేదు. పాపం, ఎంత వెతుక్కుందో! రాయి పట్టుకుని ఒడ్డుకు పరుగెత్తింది.

"ఒక్కసారి చెప్పు. చెప్పకపోతే పగలగొడతాను!"

"పగిలితే పేరు బయటపడుతుందమ్మా," అంది గుల్ల లోపలినుంచే. "పిల్ల దేవుడి ఇల్లు చేరిందంటావా?"

సోకానన్‌కు తెలియదు. ఎవరికీ తెలియదు. పోటెక్కి నీళ్లు నడుందాకా వచ్చేవరకు అలాగే నిలబడింది. చివరికి రాయి వదిలేసింది.

"అయితే తెరవకు," అంది. ఏడుస్తూ ఇంటికి వెళ్లిపోయింది. ఆ పేరు ఆమెకు మళ్లీ దొరకలేదు.

ఆ బరువు ఒక్క గుల్ల మోయగలదా? చుట్టూ ఉన్న గుల్లలన్నీ తలా కాస్త పంచుకున్నాయి. లోపల, తల్లి పెదవులు ఆనిన అంచున, దెబ్బ తగిలినట్టు కమిలిపోయాయి.

అప్పటినుంచే ఆ గుల్లలకు లోపలి అంచు ఊదారంగులో ఉంటుంది. ఎవరి చెయ్యి తగిలినా బిగుసుకుపోతాయి, ఆ తల్లే మనసు మార్చుకుని వచ్చిందేమోనని.