తాళంచెవి కోసం ముప్పై గంపల టమాటాలు

గవ్వలపల్లెలో గురప్ప, రెడ్డెప్ప, సిద్ధప్ప అని ముగ్గురు అన్నదమ్ములు. ఊళ్ళో ఉన్న తెలివంతా తమ ఇంటి చూరు కిందే ఉందని వాళ్ళ నమ్మకం. వాన పడితే గొడుగు తడుస్తుందని దాన్ని ఇంట్లో దాచి, తాము తడుస్తూ తిరిగే రకం.

ఆ ఏడు తొలకరి పడింది, చేను పదునెక్కింది. విత్తనమేమో కొట్టుగదిలో ఉంది, గదికి తాళముంది, తాళంచెవి ఎక్కడ పెట్టిందో వాళ్ళమ్మ సాలమ్మకు గుర్తు లేదు. మూడు రోజుల్లో విత్తకపోతే పదును ఆరిపోతుంది, ఏడాదంతా పస్తులే. తాళం పగలగొట్టమన్నారు ఊళ్ళోవాళ్ళు.

"పోయింది మాయమ్మ జ్ఞాపకం. తాళమేం పాపం చేసింది?" అన్నాడు గురప్ప.

అంతే, ముగ్గురూ అమ్మను ఇంట్లో వదిలేసి, ఆమె జబ్బు చూపించడానికి టౌనులో డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళారు.

డాక్టరమ్మ ఓపికగా చెప్పింది. "మెదడులో కణాలుంటాయి. ఒకదాన్నొకటి తాకవు, మధ్యన సందు ఉంటుంది. ఒక కణం గ్లూటమేట్ అనే అమైనో ఆమ్లాన్ని ఆ సందులోకి చిమ్ముతుంది. అది తగలగానే అవతలి కణం ఉలిక్కిపడి, తన పక్కదానికి చిమ్ముతుంది. వార్త అలా పోతుంది. మళ్ళీ మళ్ళీ పోతే దారి గట్టిపడుతుంది, అదే జ్ఞాపకం. మితిమీరితే మాత్రం కణం చచ్చిపోతుంది."

"ఆ సరుకు యాడ దొరుకుతుందమ్మా?" అన్నాడు రెడ్డెప్ప.

"టమాటాల్లో కూడా ఉంటుంది. కానీ తింటే మెదడుకు చేరదు. రేపు మీ అమ్మను తీసుకురండి."

"తింటే చేరదంట, మరేం చెయ్యాల?" అన్నాడు గురప్ప దారిలో.

"విసరాల" అన్నాడు సిద్ధప్ప.

ఇంత చిన్న వయసులో ఇంత తెలివా అని అన్నలిద్దరికీ కళ్ళు చెమర్చాయి.

ఇంకేముంది, తెల్లారేసరికి బావి కింది మడిలోని టమాటాలన్నీ ముప్పై గంపలుగా వాకిట్లోకి వచ్చాయి. సాలమ్మను వరస చివర పీట మీద కూర్చోబెట్టి, ముగ్గురూ బారెడు బారెడు సందు వదిలి వరసగా నిలబడ్డారు. గురప్ప "తాళంచెవి యాడ?" అని రెడ్డెప్ప మీదికి టమాటా విసిరాడు. రెడ్డెప్ప ఉలిక్కిపడటం మరిచిపోయాడు. మళ్ళీ మొదటినుంచి. ఈసారి ఉలిక్కిపడ్డాడుగానీ విసరటం మరిచిపోయాడు. మళ్ళీ మొదటినుంచి.

"ఒరే, నాకు చెవులుండాయి కదరా, నోటితో అడగండ్రా!" అంది సాలమ్మ, ముఖం మీద చిందిన టమాటా రసం తుడుచుకుంటూ.

"నడుమ సందుంది మా. సందులో మాట పోదు" అన్నాడు రెడ్డెప్ప.

మధ్యాహ్నానికి చివరి గంపలో రెండే మిగిలాయి. తొందరలో అన్నలిద్దరూ చెరొకటి సిద్ధప్ప మీదికే విసిరారు. రెండూ ఒకేసారి తగిలాయి.

"మితిమీరిపోయింది. నేను చచ్చిపోయినాను" అని సిద్ధప్ప నేల మీద పడుకున్నాడు.

అన్నలిద్దరూ బావురుమన్నారు.

"చచ్చినోడు మాట్లాడతాడా?" అంది సాలమ్మ.

"చస్తే మాట పడిపోతుందని డాక్టరమ్మ చెప్పలేదే" అన్నాడు సిద్ధప్ప కళ్ళు మూసుకునే.

వెదుళ్ళు తెచ్చారు, పాడె కట్టారు, తమ్ముణ్ణి ఎత్తారు. వాడు బతికే ఉన్నాడని తెలిసినా కన్నతల్లికి గుండె ఝల్లుమంది. ఆ అదురుకు మరుపు కాస్తా ఎగిరిపోయింది.

"ఒరే గురప్పా! తాళంచెవి నీ మొలతాడుకే కట్టినాను కదరా!"

"ఉండు మా! వార్త వరసలో రావాల" అన్నాడు గురప్ప. వరసకు మనిషి తక్కువయ్యాడని సిద్ధప్ప పాడె దిగి తన చోట నిలబడ్డాడు. ముగ్గురూ అమ్మ వైపు తిరిగారు. "ఇప్పుడు విసురు మా."

గంపలు ఖాళీ.

"టమాటాలు మళ్ళీ పండించాల" అన్నాడు రెడ్డెప్ప.

"విత్తనమో?" అన్నాడు సిద్ధప్ప.

"కొట్టుగదిలో ఉంది."

సాలమ్మ ఇక ఆగలేక మొలతాడు అందుకోబోయింది. "తాకగూడదు మా, సందు!" అంటూ గురప్ప బారెడు వెనక్కి జరిగాడు. ఆమె జరిగితే అతనూ జరిగాడు. వాకిలి చుట్టూ మూడుసార్లు తిరిగి, ఆమె ఆయాసంతో అరుగు మీద కూలబడి ఏడ్చింది.

అమ్మ ఏడుపు చూసి కొడుకుల గుండె కరిగిపోయింది.

"ఏడవొద్దు మా. నీకు జ్ఞాపకం తిరిగొచ్చిందని డాక్టరమ్మకు చెప్పి, తాళంచెవి యాడుందో ఆయమ్మనే అడిగొస్తాం" అన్నాడు గురప్ప.

ముగ్గురూ బారెడు బారెడు సందు వదిలి టౌను దారి పట్టారు. అందరికన్నా ముందు గురప్ప, అతని నడుముకు ఊగుతూ తాళంచెవి.