తీసేసిన ముప్పై ఏడు పేర్లు

మూలగెడ్డపాలెం రేవులో ఎల్లాజీ అనే పడవ యజమాని ఉండేవాడు. ఎవరైనా తనను ప్రశ్న అడిగితే అతనికి ఒళ్లు మండేది.

ఫోన్లలో నడిచే ఊరి గ్రూపు అతని చేతిలో ఉండేది. అందులో నాలుగు వందల మంది. ఐసు బండి ఎప్పుడొస్తుంది, డీజిలు ఎక్కడ దొరుకుతుంది, అన్నీ అందులోనే తెలిసేవి. అధికారులు పంపే గాలి హెచ్చరిక ముందుగా ఎల్లాజీకి వచ్చేది. అతను దాన్ని గ్రూపులో పెట్టేవాడు. మగవాళ్లు వేటకు వెళ్తే, ఒడ్డున ఉన్న ఆడవాళ్లు గ్రూపు చూసి పడవల్లోకి ఫోను చేసేవారు.

ఒక రోజు ఎల్లాజీ "రేవులో దీపాలన్నీ బాగు చేయించాను" అని గొప్పగా రాశాడు. చేపలమ్మే కొర్లమ్మ వెంటనే జవాబు పెట్టింది.

"ఎక్కడ బావా? నాను రేవులోనే నిలబడ్డాను. నా చెయ్యి నాకే అవుపడ్డం లేదు."

పదిమంది నవ్వు బొమ్మలు పెట్టారు. ఎల్లాజీ కొర్లమ్మ పేరు తీసేశాడు. ఎందుకు తీశాడో ఆమెకు చెప్పలేదు. తీసేసినట్టు ఊరికీ చెప్పలేదు. నాలుగు వందల పేర్లలో ఒకటి తగ్గితే ఎవరు చూస్తారు? రెండు రోజులు ఫోను మోగకపోతే, సిగ్నలు సరిగ్గా లేదనుకుంది కొర్లమ్మ.

మూడో రోజు పొద్దున ఆమె భర్త అసిరయ్య పొరుగూరి మనుషులు ఇద్దరితో వేటకు వెళ్లాడు. తొమ్మిది గంటలకు హెచ్చరిక వచ్చింది. మిగతా పడవలన్నీ ఒక్కొక్కటే ఒడ్డుకు చేరాయి. కొర్లమ్మ మాత్రం ఇసుకలో తీరిగ్గా చేపలు ఎండబెట్టుకుంటోంది. పక్కింటి దానమ్మ చూసి నిర్ఘాంతపోయింది.

"ఇదేటి వదినా, అన్నయ్య ఇంకా రాలేదేటి?"

"ఇప్పుడే ఎందుకొత్తాడు?"

"గ్రూపులో చూళ్లేదేటి? మద్దేన్నానికి పెద్ద గాలంట! నువ్వు చూసే ఉంటావని నాను చెప్పలేదు."

కొర్లమ్మ చేపలు వదిలేసి ఫోను అందుకుంది. మూడుసార్లు ఫోను కలవలేదు. నాలుగోసారి అసిరయ్య పలికాడు.

"వల కోసేసి వచ్చెయ్!" అని అరిచింది.

"కొత్త వలే! ఒక్క గంట ఆగితే..."

"వలయితే మళ్లీ అల్లుకుందాం. నిన్నెవరు అల్లుతారు?"

అసిరయ్య వల కోసి పడవ తిప్పాడు. ఒడ్డుకు రెండు కెరటాల దూరంలో గాలి అందుకుంది. పడవ బోర్లా పడింది. ముగ్గురూ ఈదుకుంటూ ఇసుక మీద పడ్డారు. ప్రాణాలు దక్కాయి. పడవ రెండు చెక్కలైంది.

ఆ రాత్రి దానమ్మ ఫోనులో వెతికితే గ్రూపులో కొర్లమ్మ పేరే లేదు. మర్నాడు పొద్దున్నే కొర్లమ్మ చేపల వేలం పాట జరిగే చోట నిలబడి ఊరిని పిలిచింది. ఏడవలేదు. ఎల్లాజీ కళ్లలోకి చూసి అడిగింది.

"బావా, నన్ను ఎందుకు తీశావు?"

"గ్రూపు నేను పెట్టాను. నా ఫోను, నా ఇష్టం. నీకెందుకు చెప్పాలి?"

"గంపా నాదే, చేపా నాదే. అయినా ఇక్కడ నాను ధర చెవిలో చెప్తే ఊరు ఒప్పుకుంటదా? పదిమందికీ వినపడేలా కేకెయ్యమంటది. మూడు ప్రాణాల మాట నీ చేతిలో పెట్టుకుని, నువ్వు చాటుగా నొక్కేత్తావా?"

అప్పుడు గురువులు తాత తన ఫోను పైకెత్తాడు. "ఒరే ఎల్లాజీ, దీపావళి నుంచీ నా ఫోను చప్పుడు చెయ్యడం లేదు. ఊరు బాగుపడిపోయిందనుకున్నాను. నన్నూ తీసేశావా?"

జనం గొల్లున నవ్వారు. ఆ నవ్వులోనే ఒక్కొక్కరు ఫోను తెరిచి చూసుకున్నారు. ముప్పై ఏడు చేతులు లేచాయి.

"సరే బావా," అంది కొర్లమ్మ, "ముప్పై ఏడుకీ కారణాలు పైకి చెప్పు. మేం వింటాం."

ఎల్లాజీ గొంతు సవరించుకున్నాడు. "తాత... నేను పాడి పెట్టిన పాటకి మెచ్చుకోలు పెట్టలేదు."

"నీ పాట విన్నాక నాకు చెవులే పని చెయ్యలేదురా!" అన్నాడు తాత.

"దాలమ్మ... ఐసు బాగోలేదంది. పైడయ్య... నా ఫొటో చూసి, కళ్లద్దాలు ఎవరివని అడిగాడు. కొర్లమ్మ..."

నాలుగో పేరు దగ్గర అతను ఆగిపోయాడు. ఒక్కడే కూర్చుని తీసేసినప్పుడు ప్రతి కారణమూ కొండంత కనిపించింది. ఊరి ముందు పలికేసరికి గవ్వంత కూడా లేదు. ఎదురుగా అసిరయ్య చేతికి కట్టుతో నిలబడి ఉన్నాడు. ఎల్లాజీ తల వంచుకున్నాడు.

"ముందు వీణ్ని తీసెయ్యండి!" అని ఎవరో అరిచారు.

"ఆగండి," అంది కొర్లమ్మ. "అడక్కుండా తీసేస్తే మనకీ ఆయనకీ తేడా ఏటి? బావ ఉంటాడు. కానీ ఇకపై ఒంటరిగా కాదు."

ఆ రోజే ఊరు తీర్మానించింది. గ్రూపును ముగ్గురు చూస్తారు. ఆరు నెలలకోసారి ఊరే వాళ్లను ఎంచుకుంటుంది. ఎవరినైనా తీసేయాలంటే, పేరూ కారణమూ వేలం పాట దగ్గర చదవాలి. ఆ మనిషి చెప్పేది వినాలి. గాలి హెచ్చరిక మాత్రం గ్రూపులో ఉన్నా లేకున్నా ప్రతి ఇంటికీ చేరాలి. మొదటి ముగ్గురిలో కొర్లమ్మను ఎంచుకున్నారు. ఎల్లాజీ తన పడవలో అసిరయ్యకు చోటిచ్చాడు.

నెల తిరక్కుండానే ఉప్పెన వస్తోందని ఒక దొంగ కబురు గ్రూపులో పడింది. జనం పిల్లల్ని చంకనేసుకుని మెట్టకు పరుగెత్తారు. ఒక ముసలమ్మ కాలు విరిగింది. కబురు పెట్టింది కొర్లమ్మ సొంత తమ్ముడు తవుడు.

ఊరంతా ఆమె వైపే చూసింది.

కొర్లమ్మ వేలం పాట దగ్గరికి వచ్చింది. "తవుడు. దొంగ కబురు పెట్టాడు. నెల రోజులు బయట," అని చదివింది.

"అప్పా! నేను నీ తమ్ముణ్నే!"

"అందుకే ఇంకోసారి చదువుతాను, ఎనకాల వాళ్లకి కూడా వినపడాలి. నువ్వు చెప్పుకునేది ఉంటే చెప్పు తమ్ముడూ, వింటాం."

తవుడు జనం వైపు తిరిగి చేతులు జోడించాడు. "తప్పయిపోయింది," అన్నాడు.

రేవంతా చప్పట్లతో దద్దరిల్లింది. అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది ఎల్లాజీయే.

నీతి: నలుగురి నోరు మూయగల అధికారం ఎవరి చేతిలో ఉంటే, వాళ్లు నలుగురిలో నిలబడి కారణం చెప్పాలి, చెప్పలేని కారణంతో ఎవరి నోరూ మూయకూడదు.