కాలు తీయకుండా మారిన నేల

మీరు నిలబడ్డ నేలను, నిలబడే ఉండి, మీ చేతులతోనే తీసెయ్యగలరా? నవ్వకండి. మా పాలిటెక్నిక్ ల్యాబులో ప్రతి కంప్యూటరూ పొద్దున్నే చేసే పని అదే.

తులసమ్మ మేడం ఆ రోజుతో రిటైరవుతున్నారు. ల్యాబు ఇక ఆమె శిష్యురాలు పర్వీన్‌ది. పర్వీన్‌కి భయం. మూలన కుర్చీ వేయిస్తానని, రోజూ వచ్చి ఊరికే కూర్చుంటే చాలని బతిమాలింది. విద్యార్థులం మేమప్పటికే కుర్చీ తెచ్చేశాం కూడా.

"మీరు లేకపోతే నా మాట ఎవరు వింటారు మేడం?"

ప్రశ్నకు నేరుగా జవాబివ్వడం మేడం అలవాటు కాదు. కంప్యూటరును నిద్రలేపడానికి పర్వీన్ కొత్తగా రాసిన బూటు స్క్రిప్టు నడిపి చూపించమన్నారు.

యంత్రాన్ని నడిపే మూల ప్రోగ్రాం కెర్నెల్. అప్పుడే మేలుకున్న దానికి డిస్కును అందుకోవడం ఇంకా చేతకాదు. అందుకే మెమరీలో ఓ తాత్కాలిక రూటు, అంటే ఫైళ్ళన్నీ నిలబడే నేల, గుడారంలాంటిది, వేసి పెడతారు. అన్నిటికన్నా ముందు నడిచే ప్రోగ్రాం, ఒకటో నంబరు ప్రాసెస్, అందులోనే కళ్ళు తెరిచి, డిస్కును వెతికి, అసలు రూటులోకి మారాలి. ఆ ఒకటో నంబరు చచ్చిందా, మొత్తం యంత్రమే ఆగిపోతుంది.

ఆగిపోయింది. పర్వీన్ గుడారంలోని ఒకటో నంబరును పైన కాపలా ఉంచి, మారే పనిని దాని కింద ఓ పిల్ల ప్రాసెస్‌కి అప్పగించింది. కొత్తది తడబడితే పట్టుకోవడానికి పెద్దదిక్కు ఉండాలి కదా అని వాదించింది. కానీ ఆ మార్పు ఒకటో నంబరు తానే చేయాలి. పిల్ల నావల్ల కాదని తప్పుకుంది, చేయడానికేమీ మిగలక పెద్దదీ ముగిసింది.

"ఎంత ప్రేమగా చంపావే," అన్నారు మేడం.

స్క్రిప్టులో ఆ మార్పు చేసే వరుస ముందు ఎగ్జెక్ అనే ఒక్క మాట చేర్చారు. ఇక పాతది ఎవరినీ పంపదు, తానే కొత్తదవుతుంది. మళ్ళీ నడిపారు. పరికరాలన్నీ అసలు రూటులోకి తరలాయి. గుడారంలోని ఫైళ్ళన్నీ చెరిగిపోయాయి. చెరిపింది వాటి మధ్య నిలబడ్డదే. కాలు తీయలేదు, నేల మారింది. లాగిన్ తెర వెలిగింది.

పర్వీన్ గుడారం ఆనవాలు కోసం వెతికింది. ఏమీ లేదు. పాతది ఎక్కడికి పోయిందని మెల్లగా అడిగింది.

"ఒకటో నంబరు ఇప్పుడెవరో చూడు."

చూసింది. నంబరు పాతదే, పేరు కొత్తది. మేడం ల్యాబు తాళంచెవి ఆమె అరచేతిలో పెట్టి, మావైపు తిరిగారు.

"ఆ కుర్చీ బయటికి తీసుకెళ్ళండర్రా. రేపు ఏం కావాలన్నా ఈ పిల్లనే అడగండి."