బంగారయ్య తప్పెట

"గురువా, నా గుండెకి బైపాసు సేసినారు కదా. అదెన్నాళ్ళొస్తాది?" అని బంగారయ్య అడిగాడు.

చూడవచ్చిన అప్పలసూరి గారు తప్పెటగుళ్ళ గురువు. గుండె మీద తప్పెట కట్టుకుని, వాయిస్తూ గెంతే ఆట అది. బంగారయ్య ఆ జట్టుకి ముందు నిలబడే మనిషి. ఆపరేషను అయి ఏడాది దాటినా మంచం దిగడు. మొదట్లో కొన్నాళ్ళు బరువులెత్తొద్దన్న డాక్టరు మాటని జన్మంతటికీ పట్టుకున్నాడు. ఇక ఆడకుండానే పోతానేమోనని లోపల బెంగ.

అడిగినదానికి వెంటనే జవాబు చెప్పడం గురువుగారికి అలవాటు లేదు. "నీ తప్పెట దించు, సూద్దాం" అన్నారు.

భార్య నీలమ్మ గోడ మేకునుంచి దించి తెచ్చింది. ఒక పక్క తోలు కొరికేసి ఉంది.

"నాను ముట్టుకోనేదు గురువా! జాగర్తగానే ఉంచాను" అన్నాడు బంగారయ్య.

"నువ్వు ముట్టుకోనేదు. ఎలక ముట్టుకుంది."

నీలమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఇంతలో దిండు కింద చుట్ట గురువుగారి కంటపడింది.

"తప్పెటకి సెలవిచ్చావు. దీనికియ్యనేదేట్రా?"

బంగారయ్య తల వంచుకున్నాడు. నొప్పి లేదు కదా అని మాత్రలు కూడా మానేశాడని నీలమ్మ చెప్పేసింది.

గురువుగారు కోప్పడలేదు. మర్నాడే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. మాత్రలు మళ్ళీ మొదలయ్యాయి, చుట్ట పొయ్యిలోకి పోయింది. డాక్టరు నడవమన్నాడని రోజూ తెల్లారగానే గురువుగారే గుమ్మంలోకొచ్చి కేకేసేవారు. మొదట వీధి చివరికి, తర్వాత రైలు గేటుకి, ఆనక కొండ మొదలుదాకా. దారి పొడుగునా బంగారయ్య తిట్టుకుంటూనే నడిచాడు. తప్పెటకి కొత్త తోలు బిగించారు. డాక్టరు మళ్ళీ పరీక్షచేసి, "ఆడుకో" అన్నాకే అది అతని చేతికిచ్చారు.

అమ్మవారి పండగనాడు బంగారయ్య జట్టుకి ముందు నిలబడ్డాడు. మొదటి దెబ్బ భయంభయంగా వేశాడు. రెండోది వీధంతా వినపడింది. ఇంక కుర్రాళ్ళతో సమంగా గెంతాడు. నలుగురిలోకి రావడానికే సిగ్గుపడే నీలమ్మ జనాన్ని తోసుకొచ్చి ఈల వేసింది. ఆవిడకి ఈల వచ్చని ఊరికి ఆ రోజే తెలిసింది.

ఆట ముగిసింది. ఒళ్ళంతా చెమటతో, ముఖమంతా నవ్వుతో బంగారయ్య వచ్చాడు.

"ఇప్పుడైనా సెప్పు గురువా, ఎన్నాళ్ళొస్తాది?"

గురువుగారు తన తువ్వాలు అందించారు.

"రేపు పొద్దున్న నడకకి పిలుస్తాను. లెగుస్తావా?"