ఏడాదికి ఒక్క గుడ్డు

రాళ్ళకుంట శివార్లలో నాటుకోళ్ళు పెంచుకునే ఓబుళమ్మకు కోపం ముక్కుమీదే ఉండేది. తప్పు ఎవరిదో తేల్చుకునే ఓపిక మాత్రం బొత్తిగా ఉండేది కాదు.

ఒక వేసవిలో కోడిని పొదగేసిన గంపలోంచి గుడ్లు మాయం కాసాగాయి. చేను గట్టున తుమ్మచెట్టు మీద పెద్ద గద్ద ఒకటి గూడు కట్టుకుని ఉంది. దాన్ని చూడగానే ఓబుళమ్మ భగ్గుమంది.

"నా గుడ్లు తిని బలిసింది ఇదే! దీని వంశం నిలవనిస్తానా?" అంటూ దోటికర్ర అందుకుంది.

కోడలు సుభద్ర పరుగున వచ్చి అడ్డుపడింది. "ఆగత్తా! అది పాముల గద్ద. పాముల్నీ తొండల్నీ పట్టుకుంటుంది గానీ మన గంపల జోలికి రాదు. నీ కోడి పెట్టినట్టు డజన్లు పెట్టదది. ఏడాదికి ఒక్కటంటే ఒక్కటే గుడ్డు!"

"గద్దలన్నీ ఒక్కటే! నాకు చెప్పొచ్చావా?" అని ఓబుళమ్మ గూట్లోకి దోటి పొడిచింది.

తెల్లటి గుడ్డు రాయి మీద పడి పగిలింది. అప్పటికే రూపు కట్టిన పిల్ల అందులో ఒక్కసారి కదిలి ఆగిపోయింది. తల్లి గద్ద అరుస్తూ చెట్టు చుట్టూ తిరిగింది.

సుభద్రకు ఒళ్ళు మండిపోయింది. "నీ గుడ్లు పోతే ఊరంతా వినేలా తిట్టావే! మరి దాని బిడ్డ పోతే అది ఎవరికి చెప్పుకోవాలి? ఇదేం న్యాయం అత్తా?"

ఓబుళమ్మ మూతి తిప్పుకుని వెళ్ళిపోయింది.

గద్దల జంట ఆ చెట్టు వదిలేసింది. గుడ్లు పోవడం మాత్రం ఆగలేదు. ఒక ఉదయం కోడి అరుపు విని ఓబుళమ్మ గంప ఎత్తింది. లోపల నాగుపాము! మింగుతున్న గుడ్డు దాని గొంతులో ఉబ్బెత్తుగా ఉంది. పక్కనే ఆమె ప్రాణంగా పెంచుకున్న నల్లపెట్ట చచ్చి పడి ఉంది. ఓబుళమ్మ కెవ్వుమని వెనక్కి దూకింది. పాము రాళ్ళకుప్పలోకి జారిపోయింది. ఆ కుప్పను కదిలించే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఈసారి ఓబుళమ్మ కోపం తనమీదికే తిరిగింది. "దొంగ ఇక్కడుంటే, దాన్ని పట్టేదానికి కడుపుకోత పెట్టానే! నా చేతులు పడిపోనూ!" అని నెత్తి బాదుకుంది.

మరుసటి ఏడాది కోడిపిల్ల పోయిందని పొరుగు రైతు నారపరెడ్డి, డేగ గూడున్న చెట్టు మీదికి గొడ్డలి ఎత్తాడు. ఓబుళమ్మ పరుగున వెళ్ళి అడ్డంగా నిలబడింది.

"ఏం మరిదీ, కళ్ళారా చూశావా? చూడకుండా వేటు వేస్తే ముందు నామీదే పడాలి!"

నారపరెడ్డి గొడ్డలి దించాడు.

నేరం ఎవరిదో తేలకముందే శిక్ష వేసేవాళ్ళు, దొంగను వదిలేసి కావలిని చంపుకుంటారు.