దొర రాసిన ఒక్క మాట

కరువు మూడో ఏడు. తాగునీళ్లు లేక పిల్లలు చనిపోతుంటే తెల్లదొర విచారణకు వచ్చాడు. గుర్రం దిగకుండానే, పై దొరలకు పంపే కాగితం మీద "వెల్" అని పైకి అంటూ రాశాడు.

"అంటే ఏంది సామీ?" అని దొర వెంట వచ్చిన దుబాసీని అడిగింది బండలు కొట్టే సుంకులమ్మ.

"ఊరు బాగుందని. ఆ మాటకు బావి అనే అర్థమూ ఉందిలే," అని నవ్వాడతను.

సుంకులమ్మ గుర్రానికి అడ్డం నిలబడింది. "బాగుందని రాసుంటే, నిన్న నా మనవరాలిని పూడ్చిన చోటు చూపిస్తా, రమ్మను. బావి అని రాసుంటే, అదెక్కడుందో దొరనే చూపించమను. రెండూ కాకుంటే ఆ కాగితం అబద్ధమని కచేరీ ముందు కూచుని చెబుతా."

దుబాసీ ఆ మాటలు చెప్పాక దొర బావి తవ్వించమని హుకుం ఇచ్చాడు.

నీళ్లు పడేసరికి ఊరు సగమైంది. సుంకులమ్మ తొలి కడవ తోడి, ఎవరికివ్వాలో తోచక గట్టు మీదే కూలబడింది.