తెర వెనక గొంతు

"నా వల్ల కాదు మాస్టారూ. రాణి వేషం ఇంకెవరికైనా ఇచ్చెయ్యండి," అంది హైమవతి.

నాటకం ఆ సాయంత్రం ఆరింటికి. అప్పటికి మధ్యాహ్నం రెండయింది. మా కళాసమితి హాల్లో స్టేజీ మీద ఖాసిం మాస్టారు హార్మోనియం పెట్టె తుడుచుకుంటున్నారు. హైమవతికి పద్యం నేర్పిన గురువు ఆయనే. నేను పక్కనే తెర తాళ్లు చూసుకుంటున్నాను. పదహారేళ్లుగా ఆ హాల్లో తెర తియ్యడం, వెయ్యడం నా పని.

"ఇప్పుడు ఇంకెవరున్నారమ్మా?" అన్నారు మాస్టారు.

"ఎవరో ఒకరు. పొద్దుట్నుంచీ మంచినీళ్లు కూడా దిగడం లేదండీ. చూడండి నా చేతులు."

చూపించింది. నిజంగానే వణుకుతున్నాయి.

ఆ భయం ఊరికే రాలేదు. మా సమితి దసరా వెళ్లాక మొదలుపెట్టి మాఘమాసం దాకా ప్రతి ఆదివారం ఏదో ఒకటి పెడుతుంది. ఒక వారం వయొలిన్ కచేరీ, ఒక వారం బుర్రకథ, ఆపైన పాత సినిమా పాటలు, నాదస్వరం, హరికథ. ఆఖరి ఆదివారం మావాళ్లే వేసే పద్యనాటకం. వినీ వినీ ఆరితేరిన జనం మరి. శ్రుతి వెంట్రుకవాసి తప్పినా మొహాలు చిట్లిస్తారు.

పోయినేడు హైమవతి మొదటి పద్యం ఎత్తుకుని, రాగం మధ్యలో ఆగిపోయింది. ఎదురుగా ఆరువందల మొహాలు చూసేసరికి గొంతు పట్టేసింది. మాస్టారు పెట్టె మీద ఆ రాగాన్నే అటు తిప్పి ఇటు తిప్పి మూడుసార్లు దారి ఇచ్చారు. ఊహూ. అంతలో వెనక వరసల్లో చప్పట్లు మొదలయ్యాయి. మా నాటకాల్లో చప్పట్లు రెండు రకాలు. బాగుందని కొట్టేవి, ఇక దిగమని కొట్టేవి. అవి రెండో రకం. తెర వేసింది నేనే. వెయ్యకపోతే ఇంకా ఘోరమయ్యేది, అయినా ఆ తాడు లాగినందుకు నా మీద నాకే రోత పుట్టింది.

విచిత్రం ఏమిటంటే, తెర వెనక ఆమె గొంతుకి సాటి లేదు. నాటకానికి ముందు వేషగాళ్లంతా తెర వెనక వరసగా నిలబడి, కళ్లు మూసుకుని ప్రార్థన పాడటం మా ఆనవాయితీ. అది ఎత్తుకునేది హైమవతే. ఆమె పాడుతుంటే మాకందరికీ ఒళ్లు జలదరించేది.

ఈసారి కూడా ఆగిపోతే ఇక వేషం లేదని మా కార్యదర్శి పొద్దున్నే తేల్చి చెప్పేశాడు.

"ఆయన మానిపించేదేమిటి, నేనే మానేస్తా. కుట్టుమిషను ఉంది, బతుకుతాను. పాడకపోతే ఏం, చచ్చిపోతానా?" అంది హైమవతి. అంటూనే వెక్కి వెక్కి ఏడ్చింది.

మాస్టారు ఓదార్చలేదు. "సరే, వెయ్యొద్దులే," అన్నారు. "మిగతావాళ్లు కంగారుపడకుండా వేషం కట్టుకుని ప్రార్థన ఒక్కటి పాడి వెళ్లు. తర్వాత సంగతి నేను చూసుకుంటాను."

ఆ మాటతో ఆమెకి ప్రాణం లేచొచ్చింది. కళ్లు తుడుచుకుని మేకప్ గదిలోకి వెళ్లింది.

ఆమె వెళ్లగానే మాస్టారు నన్ను పిలిచారు. "రాజారత్నం, ఆ తెరతాళ్ల కప్పీలు కిర్రుమంటున్నాయి. కాస్త కొబ్బరినూనె పొయ్యి. ప్రార్థన మొదటి మాటకి నీకేసి చూస్తాను. చూడగానే తెర తియ్యి. చప్పుడు కాకూడదు."

"మాస్టారూ! ఆ పిల్ల గుండాగి పోతుందండీ!"

"నాకూ అదే భయం," అన్నారాయన. నవ్వుతూ అన్న మాట కాదు అది.

ఆరింటికి రెండో గంట కొట్టారు. తెర సందులోంచి చూస్తే హాలు కిటకిటలాడుతోంది. తాడు చేతికి చుట్టుకుని నిలబడ్డాను. కొబ్బరికాయ కొట్టారు, హారతిచ్చారు. పన్నెండుమంది వేషగాళ్లూ చేతులు జోడించి కళ్లు మూసుకున్నారు. హైమవతి ఎత్తుకుంది. మాస్టారు నాకేసి చూశారు.

నా జన్మలో అంత మెల్లగా తెర తియ్యలేదు. హాల్లో గుసగుసలు ఒక్కసారిగా ఆగిపోయాయి. విదూషకుడి వేషంలో ఉన్న శివరామయ్య ఒక కన్ను తెరిచి, ఎదురుగా జనాన్ని చూసి నోరు వెళ్లబెట్టాడు. మాస్టారు గుడ్లురిమారు. చటుక్కున కన్ను మూసేసుకున్నాడు పాపం.

హైమవతి పాడుతూనే ఉంది. పల్లవి అయింది, మొదటి చరణం అయింది. రెండో చరణంలో గొంతు పైకి వెళ్లే చోట, హాల్లో ఫ్యాన్ల గాలి మొహానికి తగిలింది కాబోలు, కళ్లు తెరిచింది.

ఆ మొహంలో నెత్తురుచుక్క లేదు. పాట టక్కున ఆగిపోయింది. నావైపు చూసింది. తెర వెయ్యమని ఆ కళ్లు బతిమాలుతున్నాయి. నా చెయ్యి తాడు మీద బిగుసుకుంది. మాస్టారు వద్దన్నట్టు తల అడ్డంగా ఊపారు.

ఈసారి ఆయన దారి కూడా ఇవ్వలేదు. శ్రుతి ఒక్కటి పట్టుకుని, మిగతా వేళ్లన్నీ తీసేసి కూర్చున్నారు. అంత హాల్లోనూ ఆ ఒక్క శ్రుతే. వెనక ఎవరో దగ్గారు. అయిపోయింది, ఇక చప్పట్లు మొదలవుతాయి, దేవుడా అనుకున్నాను.

హైమవతి మాస్టారికేసి చూసింది. భయంతో పాటు కోపం, మనిషిని కొట్టేసేంత కోపం. ఆగిన చోటి నుంచే మళ్లీ ఎత్తుకుంది. గొంతు వణికింది. వణుకుతూనే పైకి వెళ్లింది, వెళ్లి నిలిచింది, నిలిచి దిగింది. ప్రార్థన పూర్తయింది. ఎవరూ కిక్కురుమనలేదు. నేను తెర వేసేశాను.

ఆమె విసవిసా మాస్టారి దగ్గరికి వచ్చింది. "ఇంత మోసమా మాస్టారూ? మిమ్మల్ని తండ్రిలా నమ్మానే!"

"తెర ఎప్పుడు తీశాడనుకున్నావు?"

"ఎప్పుడేమిటి, రెండో చరణంలో."

"మొదటి మాటకే తీశాడు."

గిర్రున నావైపు తిరిగింది. అవునన్నాను. తన చేతులకేసి చూసుకుంది. ఇంకా వణుకుతూనే ఉన్నాయి.

"భయం పోలేదండీ," అంది చివరికి, చిన్న గొంతుతో. "నాతో పాటే స్టేజీ మీదికి వచ్చేస్తుంది."

మూడో గంట మోగింది. మాస్టారు పెట్టె ముందుకి లాక్కున్నారు.

"రానీ తల్లీ. నాటకంలో దానికి పద్యం లేదు."

హైమవతి వెళ్లి రాణి నిలబడాల్సిన చోట నిలబడింది.